పాత ట్రాలీ బండి బాగుచేత: ముందు బ్రేకు, చివర రంగు

కూరగాయలు, పూలు, పాలు పండించే చిన్న రైతుకు పంట తీయడం ఒక ఎత్తు, దాన్ని వేళకు మార్కెట్‌కు చేర్చడం మరో ఎత్తు. 1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు గంపలు ఆర్టీసీ బస్సుల్లో వెళ్లేవి. 2005లో టాటా ఏస్ వచ్చాక పరిస్థితి మారింది. సందుల్లో తిరిగే, ముప్పాతిక టన్ను మోసే ఈ చిన్న బండి ఊరూరా కనబడసాగింది. ఆ తొలి రోజుల్లో కొన్న బండ్లకు ఇప్పుడు పదిహేను, ఇరవై ఏళ్లు నిండాయి. పట్నంలో బాడుగలకు తిప్పి తిప్పి అరగదీసిన బండ్లు ఇప్పుడు తక్కువ ధరకు పల్లెలకు వస్తున్నాయి. కొన్ని మన ఊళ్లోనే చింతచెట్టు కింద తుప్పు పడుతున్నాయి.

ఇలాంటి బండిని ఇంటి దగ్గరే బాగు చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. నూనె ఇంజను విప్పి బిగించిన చేతికి ఇందులో సగం పని కొత్తేమీ కాదు. అయితే చాలామంది ముందు రంగు వేయించి, తొట్టికి కొత్త రేకు కొట్టించి, పేరు రాయించి, డబ్బంతా అక్కడే ఖర్చు చేస్తున్నారు. బ్రేకులకు, స్టీరింగుకు వచ్చేసరికి చేతిలో పైసా మిగలదు. నిగనిగలాడే బండి ఘాట్ రోడ్డు మీదో, చెరువు కట్ట మీదో ఆగనంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే పని ఏ వరసలో చేయాలన్నది ముఖ్యం. కాగితాలు, ఛాసిస్, బ్రేకు, స్టీరింగు, ఇంజను, కరెంటు, ఆఖరున తొట్టి, రంగు. ఈ వరస తప్పకూడదు.

బేరానికి ముందు లెక్క

బండి కావాలా వద్దా అన్నది ముందు కాగితం మీద తేల్చుకోవాలి. లెక్క ఎలా వేయాలో చూపడానికి ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు మీ ఊరి ధరలను బట్టి మార్చుకోండి.

మార్కెట్‌కు ఒక ట్రిప్పు బాడుగ 800 రూపాయలు అనుకుందాం. సొంత బండి అయితే డీజిలు, చిల్లర ఖర్చులు 300. అంటే ట్రిప్పుకు 500 మిగులు. బీమా, ఫిట్‌నెస్, పన్ను, టైర్లు, బ్యాటరీ కింద ఏడాదికి 35,000 పక్కన పెట్టాలి. ఏడాదికి 60 ట్రిప్పులే ఉంటే మిగిలేది 30,000. నిలవ ఖర్చే రాదు, పైగా 5,000 నష్టం. 120 ట్రిప్పులుంటే 60,000లో 35,000 పోగా 25,000 మిగులుతుంది. బండికి లక్ష, మరమ్మతుకు 60,000 పెట్టి ఉంటే ఆ డబ్బు తిరిగి రావడానికి ఆరేళ్లు పైనే పడుతుంది. అదే 240 ట్రిప్పులు తిరిగితే ఏడాదికి 85,000 మిగిలి, రెండేళ్ల లోపే పెట్టుబడి వస్తుంది.

దీన్ని బట్టి తెలిసేదేమంటే ఎకరం, రెండెకరాల రైతు ఒక్కడే బండి కొంటే గిట్టుబాటు కాదు. పక్క పక్క పొలాల రైతులు నలుగురు కలిసి, రోజూ సరకు నింపుకునేలా ఉంటేనే పాత బండి అన్నం పెడుతుంది. కలిసి కొంటే ఎవరి వాటా ఎంత, డీజిలు ఎవరిది, మరమ్మతు వస్తే ఎవరు భరించాలి అన్నది మొదటి రోజే రాసుకోవాలి.

కాగితాలు సరిగా లేకపోతే బండి ముట్టొద్దు

బండి ఎంత బాగున్నా కాగితాలు లేకపోతే అది ఇనుప సామాను కిందే లెక్క. ఆర్సీ మీద ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్న వాటితో అక్షరం అక్షరం కలవాలి. బండి మీద ఫైనాన్సు ఉన్నట్టు ఆర్సీలో రాసి ఉంటే, అప్పు తీరిందని ఫైనాన్సు వాళ్లు ఇచ్చే కాగితం, 35వ నంబరు ఫారం తీసుకోవాలి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు కావాలి. తర్వాత చేయించుకుందాంలే అని సంతకాల కాగితాలతో బండి తోలుకొస్తే, పాత యజమాని కనబడకుండా పోయినప్పుడు తల పట్టుకోవాల్సి వస్తుంది. పాత జరిమానాలు, కట్టని పన్ను ఎంత ఉందో రవాణా శాఖ కార్యాలయంలో నంబరు చెప్పి తెలుసుకున్నాకే బేరం ఖాయం చేయాలి.

సరకు బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా తీసుకోవాలి. 15 ఏళ్లు దాటిన బండ్లకు ఈ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు. ఆ తర్వాతా మార్పులు వచ్చాయి కాబట్టి మీ బండి వయసుకు ఇప్పుడెంతో అడిగి లెక్కలో వేసుకోండి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరకు బండికి పర్మిట్ అవసరం లేదు. ఏస్ లాంటివి ఆ లోపే ఉంటాయి. అయితే పర్మిట్ అక్కర్లేదు కదా అని ఫిట్‌నెస్, బీమా, పొగ సర్టిఫికెట్ మానేయడానికి లేదు.

లైసెన్సు సంగతిలోనూ చాలామందికి అనుమానం ఉంది. కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు సరకు బండి నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది.

ఇంతకు ముందు ఏం మోసింది?

పశువును కొనేటప్పుడు ఎవరి దొడ్డి నుంచి వచ్చిందని అడుగుతాం. బండి విషయంలో ఏం మోసిందని అడగాలి. చేపలు, రొయ్యలు మోసిన బండి తొట్టి నుంచి ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి ఛాసిస్ మీదికి కారి ఉంటాయి. కోస్తా జిల్లాల్లో తక్కువ ధరకు దొరికే బండ్లలో ఇలాంటివి ఉంటాయి. పైకి రంగు బాగుంటుంది, లోపల ఇనుము అప్పడంలా పొరలు పొరలుగా రాలుతుంది. ఎరువుల బస్తాలు మోసిన బండికీ ఇదే జబ్బు. పొటాష్ ఎరువు కూడా ఒక రకం ఉప్పే. చెమ్మ పీల్చుకుని రేకు తినేస్తుంది.

ఇసుక, ఇటుక, కంకర మోసిన బండికి తుప్పు తక్కువే ఉండవచ్చు. కానీ బరువు ఎక్కువై కమాన్ పట్టీలు చదునుగా అయిపోయి ఉంటాయి. కమాన్లు తగిలించే బ్రాకెట్ల దగ్గర ఛాసిస్ చీలి ఉంటుంది. బ్రెడ్డు, బట్టలు, మందుల షాపుల సరకు, మంచినీళ్ల క్యాన్లు లాంటివి మోసిన బండి కొంచెం నయం. ఇంజను ఎక్కువ తిరిగి ఉన్నా అస్థిపంజరం గట్టిగా ఉంటుంది. ఇంజను బాగు చేయించవచ్చు, ఛాసిస్ పోతే బండి పోయినట్టే.

సుత్తితో ఒక పరీక్ష

చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము గణగణ మోగుతుంది. తుప్పు తిన్న చోట డబ్‌డబ్‌మని చచ్చిన శబ్దం వస్తుంది. ముఖ్యంగా కమాన్ బ్రాకెట్ల దగ్గర, తొట్టి కింది అడ్డపట్టీల దగ్గర, వెనక చక్రాల పైభాగాన చూడాలి. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగబడితే ఆ బండి వదిలేయండి. మందంగా తారు, కొత్త నల్లరంగు పూసి ఉంటే దాని కింద ఏదో దాచారనే అనుకోవాలి.

ఛాసిస్ వంకర పోయిందా అన్నది టేపుతో తెలుస్తుంది. బండిని చదును నేల మీద నిలపండి. ఎడమ ముందు కమాన్ బోల్టు నుంచి కుడి వెనక కమాన్ బోల్టుకు, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు ఐమూలగా కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. కొట్టొచ్చినట్టు తేడా ఉంటే బండి ఎప్పుడో గట్టిగా గుద్దుకున్నదే. ఎన్ని టైర్లు మార్చినా ఒకవైపే అరుగుతుంటాయి.

పైపై తుప్పు, తొట్టి రేకు చిల్లులు భయపడాల్సినవి కావు. అవి బేరంలో ధర తగ్గించుకోవడానికి పనికొస్తాయి.

పని మొదలు పెట్టే ముందు

గట్టి నేల, పైన నీడ ఉన్న చోటు చూసుకోండి. పానాల సెట్టు, రింగు పానాలు, హైడ్రాలిక్ జాకీ, గ్రీజు గన్, ఇనుప బ్రష్, మల్టీమీటరు, పాత డబ్బాలు నాలుగు ఉంటే చాలా పని అవుతుంది. విప్పిన బోల్టులు ఏ భాగానివి ఆ డబ్బాలో వేసి పేరు రాసుకోండి. విప్పే ముందు సెల్‌ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటే బిగించేటప్పుడు ఇబ్బంది ఉండదు.

ఒక్క మాట మాత్రం ఎప్పుడూ మరవొద్దు. జాకీ ఒక్కదాని మీదే బండిని నిలిపి కిందికి దూరకూడదు. జాకీ జారడానికి క్షణం చాలు. ఇనుప స్టాండ్లు గానీ, అడ్డంగా పేర్చిన గట్టి కర్ర దుంగలు గానీ ఛాసిస్ కింద పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బరువుకు ఉన్నట్టుండి పగిలిపోతాయి. మిగతా చక్రాలకు అటూ ఇటూ మోపులు పెట్టాలి. పిల్లల్ని దగ్గరికి రానీయకూడదు. ఒంటరిగా పని చేయకపోవడం మంచిది.

మొదట బ్రేకులు

ఇంజను ఆపి ఉండగా బ్రేకు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, తర్వాత గట్టిగా ఒక నిమిషం అదిమి పట్టండి. పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో ఆయిలు కారుతున్నట్టు, లేదా మాస్టర్ సిలిండరు లోపలి రబ్బర్లు పోయినట్టు. పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంటే గొట్టాల్లో గాలి చేరినట్టు.

చక్రాలు విప్పి డ్రములు, లైనింగులు, వీల్ సిలిండర్లు చూడండి. లైనింగు మీద ఆయిలు పడితే కడిగి వాడొద్దు, మార్చాల్సిందే. ఒక చక్రానికి మార్చితే అదే ఇరుసుకు ఉన్న రెండో చక్రానికీ మార్చాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. డ్రములోని దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు చేటు చేసే పదార్థం ఉండవచ్చు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

బ్రేకు ఆయిలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే లోపల తుప్పు పడుతుంది, దిగుడులో వేడెక్కి బ్రేకు పనిచేయదు. కాబట్టి పాతదంతా తీసేసి, మూత మీద రాసి ఉన్న రకం కొత్త ఆయిలు పోయాలి. ఇంజను ఆయిలు గానీ మరే నూనె గానీ ఒక్క చుక్క పడినా రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రంతో ముగించాలి. పని అయ్యాక తెలిసిన మెకానిక్‌కు ఒకసారి చూపించి గానీ రోడ్డెక్కకండి. రబ్బరు గొట్టాలు పగుళ్లు పట్టి ఉంటే ఆలోచించకుండా మార్చేయండి. హ్యాండ్ బ్రేకు వాలు మీద బండిని ఆపగలగాలి.

స్టీరింగు, కమాన్లు

ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, పైన ఒక చేయి, కింద ఒక చేయి పెట్టి ఊపండి. ఆట ఉంటే ఒక మనిషిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది బేరింగు లోపం, తొక్కినా ఊగుతుంటే కింగ్‌పిన్ అరిగినట్టు. చక్రాన్ని కుడి ఎడమలకు ఊపినప్పుడు ఆట ఉంటే టై రాడ్ ఎండ్లు చూడాలి. కింగ్‌పిన్ బుష్షులు మార్చడం లేత్ పని తెలిసినవారి దగ్గరే చేయించాలి. స్ప్లిట్ పిన్ను తీస్తే మళ్లీ పాతది పెట్టకండి. కొత్త పిన్ను ధర ఎంత, ఊడిపోతే నష్టం ఎంత?

విరిగిన కమాన్ పట్టీకి వెల్డింగ్ పెట్టించకూడదు. వేడికి ఉక్కులోని స్ప్రింగు గుణం పోయి పక్కనే మళ్లీ విరుగుతుంది. ఎక్కువ బరువు మోయడానికి అదనపు పట్టీ వేయించడం కూడా మంచిది కాదు. కమాను మోసినా ఇరుసు, బ్రేకు, ఛాసిస్ మోయవద్దూ? మొదటి రకం ఏస్‌కు 750 కిలోలే లెక్క. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు పది. 45 కిలోల యూరియా బస్తాలు పదహారు.

ఇంజను: పొగ చెప్పే సంగతులు

కొనేటప్పుడు ఇంజను చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించాలి. మనం వెళ్లేసరికే వేడిగా ఉంటే అమ్మేవారు ముందే స్టార్ట్ చేసి పెట్టారన్న మాట. ఏస్‌లో ఇంజను సీటు కింద ఉంటుంది. సీటెత్తి చేయి దగ్గర పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

నల్ల పొగ వస్తే గాలి ఫిల్టరు మూసుకుపోయినట్టు, లేదా నాజిళ్లు సరిగా చిమ్మడం లేదు. ముందు ఫిల్టరు మార్చి చూడండి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది, రింగులు అరిగి ఉంటాయి. ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగక, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. ఆయిలు పుల్ల తీసి చూస్తే మజ్జిగలా కనిపించినా అదే అనుమానం. నడుస్తున్న ఇంజనుకు ఆయిలు పోసే మూత తెరిస్తే పొగ బుస్సుమని తన్నుకొస్తుంటే లోపల అరుగుదల ఎక్కువగా ఉందని అర్థం.

ఏళ్ల తరబడి కదలని ఇంజనుకు వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. పట్టేసిన రింగులు విరుగుతాయి. హీటర్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో కొద్దిగా ఇంజను ఆయిలు పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు కింది పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పండి. తేలిగ్గా తిరిగాకే సెల్ఫ్ జోలికి పోవాలి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనయితే, అది ఎప్పుడు మార్చారో తెలియనప్పుడు ముందే మార్పించాలి. తెగితే వాల్వులు వంగిపోతాయి.

డీజిలు టాంకు అడుగున నీళ్లు, మడ్డి చేరి ఉంటాయి. పూర్తిగా వంచేసి, ఫిల్టర్లు కొత్తవి వేయాలి. పంపు, నాజిళ్ల పని మాత్రం ఇంట్లో పెట్టుకోకూడదు. నాజిలు నుంచి వచ్చే సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. చూడ్డానికి సూది గుచ్చినట్టే ఉంటుంది, వెంటనే ఆస్పత్రికి వెళ్లకపోతే వేలు, చేయి పోయే ప్రమాదం ఉంది.

రేడియేటరుకు బోరు నీళ్లు వద్దు

నీళ్లు కాచే అండా లోపల తెల్లగా పెచ్చు కట్టడం మనకు తెలుసు. బోరు నీళ్లు పోస్తే రేడియేటరులోనూ, ఇంజను లోపలా అదే జరుగుతుంది. సందులు మూసుకుపోయి ఎండాకాలం ఇంజను ఉడికిపోతుంది. కూలెంటు, బ్యాటరీలకు పోసే శుద్ధి చేసిన నీళ్లు కలిపి పోయండి. వేడి మీద రేడియేటరు మూత తెరవకూడదు.

తీసేసిన పాత కూలెంటు తియ్యగా ఉంటుంది. గేదెలు, దూడలు, కుక్కలు తాగితే చచ్చిపోతాయి. తొట్టెలో, బకెట్లో వదిలి పక్కకు పోకండి. పాత ఇంజను ఆయిలు కూడా అంతే. కాలవలో, బావి దగ్గర, చెదలకని గుంజల మొదట్లో పోయకూడదు. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవారికి ఇచ్చేయండి.

కరెంటు, వైర్లు

బ్యాటరీ తీసేటప్పుడు ముందు నెగెటివ్ తీగ, పెట్టేటప్పుడు చివర నెగెటివ్ తీగ. మంచి బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అంతకు తక్కువైతే డైనమో లేదా బెల్టు చూడాలి. సెల్ఫ్ కట్‌కట్‌మని ఊరుకుంటే బ్యాటరీ పోయిందని కొత్తది కొనేయకండి. ఇంజనుకు, ఛాసిస్‌కు మధ్య ఉండే ఎర్త్ తీగ విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

నిలబడిపోయిన బండిలో ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి. మొత్తం ఒకసారి తడిమి చూడాలి. ఫ్యూజు పోయిన చోట రాగి తీగ చుట్టకూడదు, బండి తగలబడేది అక్కడే. వెనక లైట్లు, మెరిసే స్టిక్కర్లు తప్పనిసరి. తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లే బండిని వెనక వచ్చే లారీ చూడగలగాలి.

తుప్పుకు బెల్లం మడ్డి

చిన్న ఇనుప భాగాల తుప్పు వదలడానికి మన దగ్గరే మందుంది. బెల్లం మడ్డి ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి అందులో నానబెడితే వారం, రెండు వారాల్లో తుప్పు మెత్తబడి కడిగితే పోతుంది. వాసన వస్తుంది, ఊరికి దూరంగా పెట్టుకోండి. అల్యూమినియం భాగాలు ఇందులో వేయకూడదు. కమాన్లు, స్టీరింగు, బ్రేకు బోల్టుల లాంటి ఉక్కు భాగాలనూ నానబెట్టకుండా, ఇనుప బ్రష్‌తో రుద్దడమే మంచిది.

ఛాసిస్ మీద తుప్పును బ్రష్‌తో పూర్తిగా రాలగొట్టి, దుమ్ము తుడిచి, ఆరిన వెంటనే అదే రోజు రెడాక్సైడ్ కొట్టాలి. రాత్రి మంచుకు వదిలేస్తే మళ్లీ సన్నని తుప్పు లేస్తుంది. తుప్పు మీదే రంగు కొడితే ఏడాది తిరగకుండా పెచ్చులూడుతుంది. వానాకాలం ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. తలుపుల అడుగున నీళ్లు పోయే చిల్లులు మట్టితో మూసుకుపోయి ఉంటాయి, పుల్లతో తీసేయండి. నంబరు చెక్కి ఉన్న చోట గ్రైండరు పెట్టొద్దు. ఛాసిస్ నంబరు చెరిగితే ఫిట్‌నెస్ రాదు సరికదా, దొంగ బండి అంటారు.

వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పాలి. డీజిలు టాంకు దూరంగా తీసిపెట్టి, పక్కన ఇసుక బకెట్టు ఉంచుకోవాలి. టాంకు చిల్లి పడితే మాత్రం వెల్డింగ్‌కు ఇవ్వొద్దు. ఖాళీ టాంకులోని ఆవిరే బాంబులా పేలుతుంది. అది మార్చాల్సిందే.

చివరగా తొట్టి, టైర్లు, రంగు

తొట్టి నేలకు రేకు మీద రబ్బరు షీటు పరిస్తే కూరగాయలకూ మేలు, రేకుకూ మేలు. షీటు కింద నీళ్లు నిలవకుండా అప్పుడప్పుడు లేపి ఆరబెట్టాలి. ఎరువు వేసిన రోజే కడిగేయాలి. రంగు ఆర్సీలో ఉన్నదే వేయండి. రంగు మార్చినా, తొట్టి పెంచినా రవాణా శాఖ అనుమతి కావాలి.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు బాగున్నా, పక్కలు పగుళ్లు పట్టిన టైరు ఎండాకాలం బరువు మీద పగిలిపోతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు.

అంతా అయ్యాక ఖాళీ బండితో ఊరి దారిలో మెల్లగా నడిపి, ఆపి, కింద ఎక్కడైనా కారుతోందా చూడండి. చక్రాల నట్లు మళ్లీ బిగించండి. తర్వాత సగం బరువుతో, ఆ తర్వాతే పూర్తి బరువుతో.

మనుషుల్ని ఎక్కించొద్దు

బండి బాగైందంటే కోతకు కూలీలను ఇందులోనే తీసుకెళదాం, పెళ్లికి చుట్టాలను ఎక్కిద్దాం అనిపిస్తుంది. సరకు బండి తొట్టిలో కూర్చున్నవారికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మలుపులో బరువంతా ఒక పక్కకు ఒరిగి చిన్న బండి పల్టీ కొడుతుంది. ఇలాంటి ప్రమాదాల్లో పోయేది ఎక్కువగా ఆడకూలీలే. సరకు బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు మామూలు బీమా వర్తించదు. పరిహారం బండి యజమాని మీద పడితే ఉన్న ఎకరం కూడా పోతుంది. వాళ్ల ప్రాణాలకు వెల కట్టేవారెవరు? ఎవరు బతిమాలినా ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

గుర్తుంచుకోండి

- ఏడాదికి ఎన్ని ట్రిప్పులో లెక్క వేయనిదే బండి కొనొద్దు.
- ఛాసిస్ దిగబడినా, నంబర్లు కలవకపోయినా బేరం వదిలేయాలి.
- గ్రీజు, ఆయిలు, ఫిల్టర్లు, వైర్లు, తుప్పు, రంగు పనులు ఇంట్లో చేసుకోవచ్చు.
- పంపు, నాజిళ్లు, కింగ్‌పిన్, ఛాసిస్ వెల్డింగ్ పనివారికే ఇవ్వాలి. బ్రేకు పని వారి చేత సరిచూపించాలి.
- జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద పడుకోవద్దు.
- డబ్బు తక్కువైతే రంగు ఆపండి, బ్రేకు ఆపొద్దు.